పదహారు ప్యాడ్‌ల కింద ఉన్న ఖాళీ

మిడి డ్రమ్ కంట్రోలర్‌కు సొంత గొంతు లేదు. నాలుగు వరుసల్లో నాలుగేసి చొప్పున అమర్చిన 16 రబ్బరు ప్యాడ్‌లలో దేని మీద వేలు పడింది, ఎంత గట్టిగా పడింది అన్న రెండు సంగతులను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కో శాంప్లర్‌కో చేరవేయడం వరకే దాని పని. వినిపించే మోత అంతా అవతలి యంత్రంలో ముందే దాచి ఉంచిన ధ్వనుల నుంచి, అంటే శాంపిళ్ల నుంచి వస్తుంది. 1983లో వెలువడిన మిడి ప్రమాణంలో దెబ్బ బలాన్ని తెలిపే అంకెకు వెలాసిటీ అని పేరు, దాని విలువ 1 నుంచి 127 వరకు ఉంటుంది. కాగితం మీద ఇంత విశాలమైన మేర ఉన్నా, చాలా కంట్రోలర్లలో ఆచరణలో జరిగేది వేరు: మెత్తగా తాకితే అసలు అంకే పుట్టదు, కాస్త బలం పెంచితే ఆ అంకె ఒక్కసారిగా సగం దాటి ఎగబాకుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి వాద్యకారులే స్క్రూడ్రైవర్ పట్టుకుని, తయారీదారుల ప్రమేయం లేకుండా పెంచుకున్న మరమ్మతు విద్యనే వాడుకలో ‘ప్యాడ్ మాడ్’ అంటున్నారు.

పదహారు ప్యాడ్‌ల అమరికకు మూలపురుషుడు అమెరికన్ రూపకర్త రోజర్ లిన్. 1980లో ఆయన తెచ్చిన ఎల్ఎం-1 అనే డ్రమ్ మెషీన్ అసలు డ్రమ్ముల శబ్దాన్ని రికార్డు చేసి వినిపించిన తొలి యంత్రాల్లో ఒకటిగా పేరు పొందింది గాని, దాని మీద ఉన్నవి బలాబలాలు ఎరగని మామూలు మీటలు. 1984 నాటి లిన్ 9000లో దెబ్బ బలాన్ని గ్రహించే 18 ప్యాడ్‌లు వచ్చాయి. ఆయన సంస్థ 1986లో మూతపడ్డాక, జపాన్ కంపెనీ అకాయ్‌తో కలిసి రూపొందించిన ఎంపీసీ60 యంత్రం 1988లో మార్కెట్లోకి వచ్చి, నాలుగు నాలుగుల ఆ గడిని స్థిరపరచింది. 1994 నాటి ఎంపీసీ3000తో, ఆ తరువాతి నమూనాలతో ఈ పెట్టె అమెరికా హిప్‌హాప్‌కు దాదాపు ప్రధాన వాద్యమే అయింది. కంప్యూటర్‌లోనే శాంపిళ్లు నడిచే కాలం వచ్చేసరికి లోపలి శాంప్లర్‌ను తీసేసి ఒట్టి ప్యాడ్‌లను మాత్రమే అమ్మే ఎంపీడీ వరుస కంట్రోలర్లు వెలిశాయి. వాటిలో చవక నమూనాలు చేతికొచ్చాకే ఈ మాడ్ విద్య నిపుణుల బల్లల మీది నుంచి విద్యార్థుల గదుల్లోకి దిగింది.

మాడ్ అర్థం కావాలంటే రబ్బరు కింద ఏముందో తెలియాలి. స్టిక్కుతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ముల్లో సాధారణంగా పీజో బిళ్ల ఉంటుంది. అది కంపనం తగిలినప్పుడు స్వల్పమైన విద్యుత్తును పుట్టించే పదార్థం. వేళ్లతో వాయించే కంట్రోలర్లలో ఎక్కువగా కనిపించేది ఫోర్స్ సెన్సింగ్ రెసిస్టర్, క్లుప్తంగా ఎఫ్ఎస్ఆర్. దువ్వెన పళ్లలా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినా ఒకదానికొకటి తగలని రెండు వాహక గీతలు ఒక పొర మీద, కర్బనం కలిసిన సిరా పూత మరో పొర మీద ఉంటాయి; పై నుంచి ఒత్తిడి పడితే ఆ పూత గీతలకు అంటుకుని నిరోధం పడిపోతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ నిరోధం మరింత తగ్గుతుంది. యంత్రంలోని ప్రాసెసర్ ఆ మార్పును వోల్టేజీగా చదివి, దెబ్బ పడిన కొన్ని మిల్లీసెకన్లలో కనిపించిన గరిష్ఠ ఒత్తిడినే వెలాసిటీగా లెక్కగడుతుంది. కీబోర్డులో మీట ఎంత వేగంగా దిగిందో రెండు స్పర్శల మధ్య కాలాన్ని బట్టి కొలుస్తారు గాని, ఈ ప్యాడ్‌లలో కొలిచేది వేగాన్ని కాదు, ఒత్తిడిని. మరికొంతసేపు ఆగి చూస్తే కొలత మరింత నిక్కచ్చిగా వస్తుంది గాని శబ్దం ఆలస్యమవుతుంది, ఆలస్యమైన డ్రమ్ వాయించేవాడి చేతిని తప్పుదోవ పట్టిస్తుంది. అందుచేత ప్రతి తయారీదారూ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట రాజీపడతాడు.

లోపం పుట్టేది ఇక్కడే. ఎఫ్ఎస్ఆర్ ఎంత చిన్న స్పర్శకైనా స్పందించేది కాదు. పొరలు అంటుకోవడానికి ఒక కనీస బలం కావాలి. దానికి తోడు రబ్బరు ప్యాడ్ అడుగున ఉండే మందమైన పాదానికీ సెన్సర్ పొరకూ మధ్య చిన్న ఖాళీ మిగిలిపోతే, వేలి బలంలో మొదటి భాగం ఆ ఖాళీని పూడ్చడానికే ఖర్చయిపోతుంది. అచ్చులో పోసిన రబ్బరు పలక, ప్లాస్టిక్ చట్రం, సర్క్యూట్ బోర్డు ఈ మూడింటి కొలతల్లో వెంట్రుకవాసి తేడాలు కలిస్తే చాలు, ఒకే పెట్టెలో ఒక ప్యాడ్ చురుగ్గా, పక్కది మొద్దుగా తయారవుతుంది. మధ్యలో కొడితే పలికి మూలల్లో కొడితే పలకకపోవడానికి కారణం కూడా ఇదే. 2003లో వచ్చిన ఎంపీసీ1000 తొలి యంత్రాల ప్యాడ్‌ల మీద ఇలాంటి ఫిర్యాదులు ఎన్ని వచ్చాయంటే, చివరికి ప్యాడ్‌ల మార్పిడి కిట్ అందుబాటులోకి వచ్చింది.

మాడ్‌లో మొదటి అంచె మాడే కాదు, శుభ్రత. అడుగు స్క్రూలు విప్పి, బోర్డును కలిపే పలుచని రిబ్బన్ కేబుల్‌ను దాని సాకెట్ నుంచి మెల్లగా తప్పించి, రబ్బరు పలకను లేపితే ఏళ్ల తరబడి చేరిన దుమ్ము, చెమట జిడ్డు, అప్పుడప్పుడు చిరుతిండి నలుసులు కూడా కనిపిస్తాయి. రబ్బరును గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి నీడన పూర్తిగా ఆరబెట్టాలి. సెన్సర్ పై ముఖాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చేసిన మెత్తని గుడ్డతో, పొరల అంచుల్లోకి ద్రవం దిగకుండా తుడవాలి. మొద్దుబారాయనుకున్న ప్యాడ్‌లలో కొన్ని ఇంతటితోనే దారికొస్తాయి. వాటికి కొత్త సెన్సర్లు తెప్పించడం డబ్బు దండగ.

అసలు విద్య ఖాళీని పూడ్చడంలో ఉంది. ఇందుకు వాడేది కరెంటు పనివాళ్ల నల్ల ఇన్సులేషన్ టేపు. టేపు పొర మందం మిల్లీమీటరులో ఆరో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది కనుక ఒక్కో పొర పెంచుతూ పరీక్షించుకునే వీలు దొరుకుతుంది. ఒక మిల్లీమీటరు మందం ఉండే కార్క్ షీటు ఒకేసారి ఎక్కువ ఖాళీని పూడుస్తుంది గాని సర్దుబాటుకు చోటివ్వదు. టేపు ముక్కను ప్యాడ్ అంత వెడల్పున కాకుండా, సెన్సర్ క్రియాశీల భాగం కంటే కొంచెం చిన్న చదరంగా కత్తిరించడం ముఖ్యం, ఎందుకంటే బలం సెన్సర్ అంచుల మీదికి చెదిరిపోకుండా ప్రతిసారీ ఒకే చోట పడితేనే అంకెలు నిలకడగా వస్తాయి. వీలైనంత వరకు ముక్కను రబ్బరు పాదానికే అంటించాలి. సిలికాన్‌తో చేసిన ప్యాడ్‌లకు జిగురు సరిగా అంటదు కనుక చాలామంది సెన్సర్ మీదే అంటిస్తారు, తరువాత టేపు పీకినప్పుడు పై పొర కూడా వెంట వచ్చే ప్రమాదాన్ని నెత్తికెత్తుకుంటారు.

ఎన్ని పొరలు వేయాలన్నది ఏ పుస్తకమూ చెప్పలేదు, ప్రతి ప్యాడ్‌కూ లెక్క వేరు. సంగీత సాఫ్ట్‌వేర్‌లో వెలాసిటీ అంకెలు కనిపించే తెర తెరిచి పెట్టుకుని, ఒకే వేలితో, ఒకే ఎత్తు నుంచి, ముందు మెత్తగా, తరువాత మధ్యస్థంగా, చివర గట్టిగా వరసగా కొడుతూ, మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ వచ్చే అంకెలను రాసుకోవాలి. ఒక పొర చాలకపోతే రెండోది, రెండూ చాలకపోతే మూడోది. హద్దు దాటితే ఆ సంగతి యంత్రమే చెబుతుంది: రబ్బరు ఎప్పుడూ సెన్సర్‌ను నొక్కే ఉండడంతో ఎవరూ తాకకుండానే ప్యాడ్ మోగుతుంది, లేదా ఒక దెబ్బకు రెండు శబ్దాలు వస్తాయి. ఈ రెండో దోషాన్ని డబుల్ ట్రిగ్గర్ అంటారు. అంతకంటే చెడ్డ ఫలితం చెవికి వెంటనే తెలియదు: నిరంతర భారం కింద ఎఫ్ఎస్ఆర్ విలువ నెమ్మదిగా జారిపోతూ, మొదటి రోజు బాగున్న ప్యాడ్ కొంతకాలానికి అన్ని దెబ్బలనూ ఒకే గట్టిదనంతో పలకడం మొదలుపెడుతుంది. టేపు ఎక్కువ వేసి ‘ఇప్పుడు ముట్టుకుంటే పలుకుతోంది’ అని మురిసిపోయేవారు ఈ సంగతి ఆలస్యంగా గ్రహిస్తారు.

రబ్బరునే మార్చడం మరో దారి. మూల ప్యాడ్‌ల కంటే మందంగా, కొంచెం మెత్తగా పోసిన పలకలను ‘ఫ్యాట్ ప్యాడ్స్’ పేరుతో విడి వ్యాపారులు అమ్మడం మొదలుపెట్టి చాలాకాలమైంది. ఎత్తు పెరగడం వల్ల వేలికి ఊతం దొరుకుతుంది, పాదం సెన్సర్‌కు దగ్గరవుతుంది, గంటల తరబడి వాయించినా వేలి కొసలకు నొప్పి పుట్టదు. 2015లో వచ్చిన ఎంపీడీ218 వంటి కంట్రోలర్లను అకాయ్ కూడా మందమైన ప్యాడ్‌లున్నవిగానే ప్రచారం చేసుకుంది, కొనుగోలుదారులు స్వయంగా చేసుకుంటున్న మార్పు ఎంత దూరం పాకిందో ఆ ప్రచారమే చెబుతుంది. అయితే అరిగిన సెన్సర్ మీద ఎంత మందపు రబ్బరు వేసినా ప్రయోజనం లేదు.

స్క్రూడ్రైవర్ పనికి లొంగని మిగులును సెట్టింగుల్లో సరిచేస్తారు. కనీసం ఎంత ఒత్తిడి వస్తే దెబ్బగా పరిగణించాలో తేల్చే థ్రెషోల్డ్, ఒత్తిడిని అంకెలుగా పంచే వెలాసిటీ కర్వ్, ఈ రెండింటినీ టేపు పని పూర్తయ్యాకే ముట్టుకోవాలి. సెన్సర్‌కు చేరని మెత్తని దెబ్బను ఏ కర్వూ పుట్టించలేదు. సెన్సర్‌కు చేరిన వాటిని మాత్రమే అది పైకో కిందికో జరపగలదు.

ఇంత శ్రమ దేనికన్న ప్రశ్నకు డెట్రాయిట్ సంగీతకర్త జె డిల్లా పని జవాబు చెబుతుంది. దెబ్బలను యంత్రం గడిలోకి సర్దే క్వాంటైజ్ సౌకర్యాన్ని చాలాచోట్ల పక్కనపెట్టి, చేత్తో వాయించినట్టే తూగుతూ వెనకబడుతూ నడిచే తాళాలను ఆయన ఎంపీసీ3000 మీద నిర్మించాడు. 2006లో ఆయన మరణించాక, ఆ యంత్రాన్ని తల్లి మౌరీన్ యాన్సీ 2014లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి అప్పగించారు. అలాంటి వాయింపులో ప్రాణమంతా ప్రధాన దెబ్బల నడుమ దాదాపు వినబడీ వినబడకుండా పడే చిన్న స్నేర్ దెబ్బల్లో ఉంటుంది, వాటినే ‘ఘోస్ట్ నోట్స్’ అంటారు. మొద్దు ప్యాడ్ ముందుగా మింగేసేది వాటినే. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమ ముఖమైన తొప్పికి తడి రవ్వ ముద్ద అద్ది, గుమ్కీ అనే గంభీర నాదం సరిగా పలికేదాకా కొంచెం చేర్చి కొంచెం గీకి సరిచూసుకోవడం తెలుగు శ్రోతలకు కొత్త కాదు. వాయించే తలాన్ని వాయించేవాడే తన చేతికి తగ్గట్టు దిద్దుకునే హక్కు అక్కడ ఎవరూ ప్రశ్నించరు. అదే హక్కును ఫ్యాక్టరీ పెట్టె విషయంలో చేజిక్కించుకోవడమే ప్యాడ్ మాడ్ విలువ.

తెలుగు ఆర్కెస్ట్రాల్లో ఆక్టాప్యాడ్‌ను స్టిక్కులతో వాయించేవారు వేళ్ల ప్యాడ్‌లకు మళ్లినప్పుడు అవే అంకెలు ఆశించి నిరాశపడడం సహజం. సినిమా స్టూడియోల్లో రిథమ్ ప్రోగ్రామింగ్ చేసేవారు చాలాసార్లు మౌసుతో అంకెలను ఒక్కొక్కటిగా దిద్ది లోపాన్ని కప్పిపుచ్చుతారు. ఆ దిద్దుబాటుకు పట్టే సమయంతో పోలిస్తే ఒక సాయంత్రం పెట్టె విప్పి టేపు అంటించడం ఎంతో చవక. వారంటీ ఉన్న యంత్రాన్ని విప్పకపోవడం, విప్పినదాని మూల రబ్బరును పారేయకుండా భద్రపరచడం, ఒక్కో ప్యాడ్‌కు వేసిన పొరల సంఖ్యను మూత లోపల రాసిపెట్టడం మంచిది. కొత్త ప్యాడ్‌లు కొనాలనుకునేవారు ముందుగా శుభ్రం చేసి, ఆ తరువాత టేపు వేసి చూసి, అప్పటికీ మెత్తని దెబ్బ పలకకపోతేనే డబ్బు తీయాలి.