జెబెదయి దోనెలో జీతగాళ్లు

సువార్తల్లో దైవశాస్త్రం యేసు చేసిన బోధల్లోనే ఉందని గుడిలో చెబుతారు. కథ చెప్పిన తీరులో కూడా ఉందని నేనంటాను. భావనపాడు ఒడ్డున పుట్టినోణ్ణి. పడవ ఎవరిది, వల ఎవరిది, లాగే చెయ్యి ఎవరిది అని అడక్కుండా ఏ చేపల కథా చదవలేను.

మార్కు మొదటి అధ్యాయంలో యాకోబు, యోహాను తమ తండ్రి జెబెదయిని దోనెలో వదిలి యేసు వెంట పోతారు. తండ్రి దగ్గర జీతగాళ్లు కూడా ఉన్నారని మార్కు ఒక్క మాట వేశాడు. తెలుగు బైబిలులోని ‘జీతగాండ్రు’ మాకు పరాయి మాట కాదు. మా వేపు కంబారి అంటాం. మా తాత కంబారే. కొడుకులు అన్నీ వదిలేశారని ప్రసంగాల్లో పొగుడుతారు. వదలడానికి వాళ్లకి దోనె ఉంది మరి!

మార్కు ముందు రాశాడనీ, మత్తయి, లూకా ఆ రాతను దగ్గర పెట్టుకుని రాశారనీ ఎక్కువమంది పండితుల మాట. మత్తయి దగ్గరికొచ్చేసరికి జీతగాళ్లు మాయం. లూకాలో పాలివాళ్లున్నారు గానీ కూలోళ్లు లేరు.

ఇంకోటి చూడండి. మార్కు ఏడో అధ్యాయంలో పరాయి జాతి ఆడమనిషి బిడ్డ కోసం బతిమాలుతుంది. పిల్లల రొట్టె కుక్కలకి వెయ్యకూడదంటాడు యేసు. బల్ల కింది ముక్కలు కుక్కలూ తింటాయి కదా అని ఆమె ఎదురు చెబుతుంది. ఆ మాట అన్నందుకే బిడ్డ బాగుపడిందని మార్కు రాశాడు. మత్తయి మాటను తీసి విశ్వాసాన్ని పెట్టాడు. జవాబు చెప్పిన మనిషి భక్తురాలైపోయింది. నోరున్న మా పేట ఆడోళ్లను ఊరు గయ్యాళులంది. మార్కులో గెలిచింది ఆ నోరే.

గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దాన్ని పద్యాల సొగసు కోసమే చదివితే సగమే చదివినట్టు. ‘గబ్బిలం’ రాసిన కవి క్రీస్తు కథను ఎత్తుకున్నప్పుడు ఏది ఉంచాడు, ఏది వదిలాడు, ఎవరి పక్కన నిలబడి చెప్పాడు అని వెతకాలి. తిరిగి చెప్పడంలోనే కవి దైవశాస్త్రం బయటపడుతుంది.

మార్కునీ ఊరికే వదలక్కర్లేదు. జీతగాళ్లని చూపించాడే గానీ పేరు పెట్టలేదు, పిలిపించలేదు. ఇద్దరు కొడుకులు పోయాక ఆ వలలు లాగింది ఎవరు? చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆ దోనెలోంచి కథ మొదలుపెట్టి రాయండి.