డబ్బామీది ముఖం

వ్యాపారంలోకి దిగిన స్త్రీలకు ఈ మధ్య ఒక ఉపదేశం విరివిగా జరుగుతున్నది. సరుకుకన్న ముందు నిన్ను నువ్వు అమ్ముకో. నువ్వే ఒక బ్రాండువై కూర్చో. నీ కథ రోజూ చెప్పు. చెప్పడానికి తీరిక లేకపోతే కృత్రిమ మేధ నీ తరఫున చెబుతుంది - ఇదీ దాని సారం. సాహిత్య విమర్శకులకు ఇందులో పనేమిటని కొందరు అడగవచ్చు. మనిషి తన జీవితాన్ని తాను కథగా చెప్పుకోవడం సాహిత్య ప్రక్రియే కదా. అందులో ఏది చెప్పారు, ఏది దాచారు, ఎవరి మాటల్లో చెప్పారు అని అడగడం మన పనే అని నేననుకుంటాను.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఊరగాయల వ్యాపారం చేస్తున్నది. వేసవిలో ఒక కాగితం తెచ్చి, "మాస్టారూ, భాష ఒకసారి చూసిపెట్టండి" అన్నది. మూడు పేరాల్లో ఆమె జీవితకథ. తను నాలుగు ముక్కలు చెబితే మిగతాది యంత్రం రాసిపెట్టిందట. భాషలో పట్టుకోవడానికి తప్పేమీ లేదు. అమ్మమ్మ వంటింటి పరిమళం, చిన్ననాటి కల, మొక్కవోని పట్టుదల - అన్నీ వరసగా ఉన్నాయి. కాని ఈ పిల్ల పుట్టకముందే వాళ్ల అమ్మమ్మ పోయిందని నాకు తెలుసు. అదే అడిగాను.

"అందరూ అమ్మమ్మనే పెడతారండీ మాస్టారూ" అన్నది.

నేనింకొకటి కూడా గమనించాను. ఆ మూడు పేరాల్లో "నేను" అన్న మాట పదకొండుసార్లు ఉన్నది. ఆమె షెడ్డులో నలుగురు స్త్రీలు పనిచేస్తారు. టెంక చెదరకుండా ఒక్క వేటుకు కాయ కొట్టే నేర్పు వాళ్లది. మొదటి ఏడు ముక్కల తడి సరిగా ఆరకముందే కలిపించి ఈ అమ్మాయి రెండు జాడీలు బూజు పట్టించుకుంటే, వాళ్లలో పెద్దావిడే దగ్గర కూర్చుని పని నేర్పిందని నాకు చెప్పినది ఈ అమ్మాయే. కథలో ఆ పెద్దావిడ లేదు, బూజూ లేదు.

ఈ "నేను"కు చరిత్ర ఉన్నది. ప్రతి మనిషీ ఒక బ్రాండు కావాలని 1997లో టామ్ పీటర్స్ అనే అమెరికన్ రచయిత ఒక పత్రికలో రాశాడు. ఆ మాట అప్పటినుంచీ వేదవాక్యమై కూర్చున్నది. స్త్రీ ముఖాన్ని డబ్బామీద వేసి అమ్మడం అంతకన్న చాలా పాతది. మసాచుసెట్స్ రాష్ట్రంలో లిడియా పింక్‌హాం అనే ఆమె 1870లలో స్త్రీల జబ్బులకు ఒక మందు అమ్మింది. సీసామీద ఆమె బొమ్మ. కష్టాలేవైనా ఉంటే తనకు ఉత్తరం రాయమని ప్రకటనలు చెప్పేవి. మగ డాక్టరుకు చెప్పుకోలేని బాధలు స్త్రీలు ఆమెకు రాసుకున్నారు. ఆమె 1883లో చనిపోయింది. ప్రకటనలు ఆగలేదు, ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, జవాబులు వెళుతూనే ఉన్నాయి. చివరకు 1905లో ఒక స్త్రీల పత్రిక ఆమె సమాధిరాయి ఫోటో అచ్చు వేయవలసివచ్చింది!

తర్వాతివాళ్లు ఇంకొక అడుగు వేశారు. చనిపోయే మనిషితో ఈ చిక్కు ఉన్నది కనక అసలు పుట్టని మనిషిని తయారుచేశారు. మినియాపోలిస్‌లో ఒక పిండిమర కంపెనీ గృహిణుల ఉత్తరాలకు జవాబివ్వడానికి 1921లో బెటీ క్రాకర్ అనే స్త్రీని కల్పించింది. ఇంటిపేరు రిటైరైన ఒక డైరెక్టరుది. సంతకం ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయిది. పోటీ పెట్టి ఎంచారు. ముఖం 1936లో ఒక చిత్రకారిణి గీసినది. 1945 నాటికి ఆమె అమెరికాలో ఎలినార్ రూజ్‌వెల్ట్ తర్వాత అందరికీ తెలిసిన స్త్రీ అని ఫార్చ్యూన్ పత్రిక రాసింది. జవాబులు రాసి, వంటకాలు పరీక్షించి, రేడియోలో మాట్లాడిన స్త్రీలు ఎందరో. వాళ్ల పేర్లు ఎందరికి తెలుసు? 1996లో 75 మంది స్త్రీల ముఖాలను కంప్యూటరులో కలిపి బెటీకి కొత్త ముఖం చేశారు.

ఈ 75 ముఖాల బొమ్మే నేటి యంత్రరచనకు సరైన పోలిక. లక్షలమంది రాసిన వాక్యాలను కలిపితే వచ్చే సగటు వాక్యమే ఆ అమ్మమ్మ. ఆనాడు ఆ 75 మంది పోటీకి తమంతట తాము వచ్చారు. ఈనాడు ఎవరినీ అడగటం లేదు. పోనీ, యంత్రానికి పక్షపాతమైనా లేదా? ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తులను వడపోయడానికి అమెజాన్ కంపెనీ ఒక యంత్రాన్ని తయారుచేస్తే, స్త్రీల క్లబ్బు అనే మాట కనిపించగానే అది మార్కులు తగ్గించిందని 2018లో బయటపడింది. పదేళ్ల పాత దరఖాస్తులు చూసి నేర్చుకున్నది. అవి ఎక్కువగా మగవాళ్లవి. కంపెనీ దాన్ని మానుకున్నది. స్త్రీ తనను తాను చెక్కుకోవలసినది ఇలాంటి కొలబద్దల ముందు నిలబడడానికే.

అయితే ఇదంతా పెట్టుబడిదారీ వంచన, అవతల పారెయ్యమనే మిత్రులతో నేను ఏకీభవించలేను. ఆస్తి మగవాడి పేరిట ఉన్నచోట, తన పేరు తప్ప స్త్రీకి వేరే హామీ ఏమున్నది? బానిసత్వం నుంచి బయటపడిన తల్లిదండ్రులకు 1867లో పుట్టి, బట్టలుతికి బతికిన నల్లజాతి స్త్రీ మేడమ్ సి.జె. వాకర్. జుట్టుకు రాసే మందు డబ్బాలమీద తన ముఖమే వేసుకున్నది. నల్ల ముఖాన్ని వెక్కిరించడానికే ప్రకటనల్లో వాడే కాలంలో అది చిన్న విషయం కాదు. ఆమె ధనికురాలైంది, విప్లవకారిణి కాలేదు. ఆ సంగతి దాచనక్కర్లేదు. కాని 1917లో ఫిలడెల్ఫియాలో తన సరుకు అమ్మే స్త్రీలను మహాసభగా కూర్చింది. మూకహత్యలను ఆపమని ఆ సభ అధ్యక్షుడు విల్సన్‌కు తంతి పంపింది. ఆ ముఖం వెనక ఒక గుంపు నిలబడి ఉన్నది. మన దేశంలో 1959లో బొంబాయిలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టిన లిజ్జత్ అప్పడానికైతే ఏ ఒక్క యజమానురాలి ముఖమూ లేదు. వత్తే ప్రతి స్త్రీ యజమానే. బ్రాండు మాత్రం దేశమంతా తెలుసు. సొంత ముఖం లేనిదే వ్యాపారం లేదనే ఉపదేశకులు దీని ఊసెత్తరు.

ఇంగ్లీషులో ఉత్తరం రాయడానికి జంకే అమ్మాయికి యంత్రం ఆసరా అయితే నాకు సంతోషమే. బతుకును కూడా అదే రాసిపెడతానంటేనే నా పేచీ.

ఆ కాగితం తిరిగిచ్చి, బూజు సంగతి నీ మాటల్లో రాసుకురమ్మన్నాను. "బూజు పట్టిందంటే కొంటారా మాస్టారూ?" అన్నది. కొంటారని నేనెలా హామీ ఇవ్వగలను? అయినా రాసింది. వాక్యాలు కుదురుగా లేవు. చదువుతుంటే మాత్రం ఆ షెడ్డులో ఆవఘాటు ముక్కుకు తగిలింది. నలుగురి పేర్లూ వేద్దామనుకుని వాళ్లనడిగిందట. ముగ్గురు మురిసిపోయారు. పెద్దావిడ మాత్రం, "నా పేరెందుకమ్మా, కూలి పెంచు" అన్నదట.

నవ్వుతూ చెప్పింది నాకు. పెంచావా అని అడిగాను.

"ఈ సీజను గడవనివ్వండి మాస్టారూ" అన్నది.