పూటకో నియమం

రమ్మీ ఆడేవారికి ఈ సంగతి కొత్త కాదు. ముక్కలు పంచాక ఒక ముక్క తిరగేస్తారు. ఇందాకటి ఆటలో ఎందుకూ కొరగాదని పారేసిన కళావరు అయిదు, ఈ ఆటలో జోకరై కూర్చుంటుంది. ముక్కలూ అవే, మనుషులూ వాళ్లే. విలువలు మాత్రం తారుమారు. పేకాటకి ఆ మాత్రం రుచి రావడానికి సగం కారణం ఈ తిరగేసిన ముక్కే అంటాను నేను.

ఒక్క జోకరునే కాక, నియమాలనే పూటకోసారి తిరగేస్తే ఎలా వుంటుంది? ‘స్ప్లింటర్‌ల్యాండ్స్’ అనే కంప్యూటరు ఆట చేసే పని అదే. 2018లో ‘స్టీమ్ మాన్‌స్టర్స్’ పేరుతో మొదలై, 2019లో ఈ పేరు పెట్టుకుంది. ఫోను ఆటకి సమీక్షేమిటని నవ్వకండి. కథని బట్టి నవలనీ, నేతని బట్టి చీరనీ తూచినట్టే, నియమాలని బట్టి ఆటనీ తూచవచ్చు.

ఇద్దరి మధ్య పోరు ఇది. ఒక్కొక్కరూ ఒక నాయకుణ్ణీ, అతని కింద ఆరుగురి దాకా యోధుల్నీ వరసగా నిలబెట్టాలి. ప్రతి ముక్కకీ ఒక ఖరీదుంటుంది, దాన్ని ‘మానా’ అంటారు. మొత్తం ఖర్చుకి ఆ పూటకో హద్దు. ఒక పోరులో నెలాఖరు సంసారం, ఇంకో పోరులో పెళ్లివారి దర్జా! మామూలుగా కత్తివాడు మొదటి చోట వుంటేనే కొట్టగలడు. బాణాలవాడు అక్కడుంటే కొట్టలేడు. జట్టుని పంపేశాక పోరు దానంతటదే జరిగిపోతుంది. విస్తళ్లలో వడ్డించేశాక పులుసులో ఉప్పు గుర్తొచ్చినట్టే, ఇక చెయ్యి పెట్టడానికి లేదు.

తమాషా అంతా పోరుకి ముందు ప్రకటించే నియమాలలో వుంది. ఒక్కోసారి ఒకటికి మించి కూడా వస్తాయి. నాకు చూడగా ఇవి రెండు జాతులు. మొదటివి ‘వద్దు’ అనేవి. ‘లాస్ట్ మ్యాజిక్’ వస్తే మంత్రగాళ్లు పనికిరారు. ‘లిటిల్ లీగ్’ వస్తే నాలుగు మానాలు దాటిన ముక్క తీయకూడదు. ఇవి మన చేతిని కట్టేస్తాయి, అంతే. బుర్రకి పెద్ద పని చెప్పవు.

రెండోవి తలకిందులు చేసేవి. ‘రివర్స్ స్పీడ్’లో నిదానస్తుడిదే మొదటి దెబ్బ. ‘ఈక్వలైజర్’లో, రెండు జట్లలోనూ అందరికంటే ఆయువు ఎక్కువున్నవాడెవరో, మొదట్లో అందరికీ అతనంత ఆయువే. అంటే ఆయువు కోసం ఖర్చు పెట్టడం దండగ. గట్టిగా కొట్టే అర్భకుణ్ణి తెచ్చుకోవడమే తెలివి. నిన్నటిదాకా మూలపడేసిన ముక్కని దులిపి, “నీలో ఇంత వుందా!” అనుకుంటాం. ఈ ఆటలోని కళ ఇక్కడుంది. గెలిచే జట్టొకటి కంఠతా పట్టి, ఎక్కాల్లా అప్పజెబుదామంటే కుదరదు. నియమం ఇద్దరికీ ఒక్కటే కనుక అదృష్టాన్ని తిట్టుకునేందుకూ వీల్లేదు.

అయితే నాకో పేచీ వుంది. నియమం ఇద్దరికీ ఒక్కటే, సరే. ముక్కల పెట్టె మాత్రం ఎవరిది వారిదే. ముక్కలు కొనుక్కోవాలి, అద్దెకీ తెచ్చుకోవచ్చు. ఒకే ముక్కవి ప్రతులు పోగుచేసి కలిపితే దాని బలం పెరుగుతుంది. మంత్రగాళ్లు వద్దంటే బాణాలవాళ్లని తీయగలిగేది పెట్టె నిండా ముక్కలున్నవారే. నాలుగు ముక్కలున్నవారికి ఏ నియమం వచ్చినా ఆ నాలుగే గతి. అక్కడ ఓడింది తెలివా, పెట్టా?

ఈ ప్రశ్న దగ్గర నాకు ఫోను పక్కన పెట్టాలనిపించింది. పూటకో నియమం మన ఇళ్లలో మాత్రం లేదూ? చెప్పకుండా వచ్చే చుట్టాలు, హఠాత్తుగా బదిలీ, మధ్యలో ఆగిన ఉద్యోగం. ప్రతిదానికీ ఒకటే మాట: “కాస్త సర్దుకుపోవాలమ్మా!” సర్దుకోవడం చేతకాని ఆడది అరుదు. కానీ ఆటలో నియమం ఇద్దరికీ వర్తిస్తుంది. ఇంట్లో చాలాసార్లు ఒక్కరికే. పైగా సర్దుకోవడానికి చదువో, సంపాదనో, కనీసం తనదంటూ కాస్త తీరికో చేతిలో వుండాలి. అవి లేకుండా ‘సర్దుకో’ అనడం, పేక పంచకుండా ఆడమనడమే!

అందుకే తెలివిలో ఈ ఆటకి ఎక్కువ మార్కులే వేస్తాను. న్యాయంలో మాత్రం మన పాత రమ్మీకే నా ఓటు. అక్కడ జోకరు ఎవరికీ చుట్టం కాదు, పేక అందరిదీ ఒక్కటే.