ఎన్ని టేపులు ఎక్కించాలి?

బ్యాకప్‌లను డిస్కు నుంచి టేపుకు మారుద్దామనగానే అందరూ టేపు ధర, అందులో పట్టే డేటా లెక్కవేస్తారు. నేను ముందు రీస్టోర్ సంగతి అడుగుతాను. అకౌంట్స్ నుంచి ఒకరొచ్చి కిందటేడు మార్చి నాటి ఎక్సెల్ ఫైలు ఒక్కటి కావాలంటే ఎన్ని టేపులు ఎక్కించాలి? ఒకటో రెండో అయితే సరే. ఏడెనిమిదంటే ఆ పద్ధతికి నేను ఒప్పుకోను.

డిస్కుకు అలవాటుపడ్డవాళ్లకు ఈ ప్రశ్న తట్టదు. ఆదివారం ఫుల్ బ్యాకప్, మిగతా రోజులు మారినవి మాత్రమే తీసినా సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి చూపించేస్తుంది. డూప్లికేట్లు తీసేసి ఒకే ముక్కను వంద ఫైళ్లకు వాడుకున్నా పరవాలేదు, డిస్కు ఎక్కడికైనా గెంతగలదు. టేపు గెంతలేదు. ఎల్‌టీవో-8 కార్ట్రిడ్జ్ అరచేతిలో ఇమిడేదే కానీ, లోపల అరంగుళం వెడల్పు టేపు 960 మీటర్లు చుట్టి ఉంటుంది. కావలసింది ఆ చివరనుంటే అక్కడిదాకా తిప్పాల్సిందే.

అందుకే డిస్కు మీదున్నదాన్ని ఉన్నది ఉన్నట్టు టేపుకెక్కించడం నాకు నచ్చదు. వారం ముక్కలన్నీ డిస్కు మీదే కలిపి, ఒక నిండు బ్యాకప్ తయారుచేసి అప్పుడు పంపాలి. చోటు ఎక్కువ తింటుంది, తిననివ్వండి. ఆ డిస్కు వేగంగా కూడా ఉండాలి. ఎల్‌టీవో-8 డ్రైవ్ సెకనుకు 360 మెగాబైట్లు రాస్తుంది. డేటా మరీ నెమ్మదిగా అందితే ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ మొదలెడుతుంది. పక్కన నిలబడితే ఆ ఆగడం, తిరగడం వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాకు మనసొప్పదు, టేపూ డ్రైవూ రెండూ అరిగిపోతాయి.

ఇంత శ్రమ ఎందుకంటారా? 2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లో ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లోపంతో కొందరి మెయిళ్లు వేర్వేరు డేటా సెంటర్లలోని కాపీలతో సహా పోయాయి. గూగుల్ వాటిని టేపుల నుంచే వెనక్కి తెచ్చింది. నెట్‌వర్కుకు తగలని కాపీని ఏ బగ్గూ, ఏ ర్యాన్సమ్‌వేరూ ముట్టుకోలేదు.

అయితే నిన్న చెరిపేసిన ఫైలు కోసం ఎవరూ టేపు దాకా వెళ్లకూడదు. మమ్మల్ని అడిగేవాటిలో ఎక్కువ అలాంటివే గనుక, ఇటీవలి కాపీలు డిస్కులోనే ఉంచుతాం. ఏ ఫైలు ఏ టేపులో ఉందో చెప్పే క్యాటలాగ్‌ను బ్యాకప్ సర్వర్‌లోనే కాక బయట కూడా దాస్తాం. 2010లో వచ్చిన ఎల్‌టీఎఫ్‌ఎస్ ఇక్కడ పెద్ద మేలు చేసింది. టేపు మీదే ఒక భాగంలో ఇండెక్స్ ఉంటుంది కాబట్టి, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లేకపోయినా డ్రైవ్ దొరికితే ఫోల్డర్లు తెరిచి చూసుకోవచ్చు. లక్షల కొద్దీ చిన్న ఫైళ్లుంటే మాత్రం వాటిని పెద్ద టార్ మూటలుగా కట్టి, లోపలేముందో పట్టికను పక్కనే పెట్టడం మంచిది.

రీస్టోర్ పరీక్షను కొత్తగా చేరిన కుర్రాడి చేతే చేయిస్తాను, రాసిపెట్టిన కాగితం తప్ప మరేమీ ఇవ్వను. అతను ఎక్కడ ఆగి నన్ను పిలుస్తాడో అక్కడ ఆ కాగితంలో ఒక వాక్యం చేరుతుంది.

ఇక మిగిలింది పాత టేపులు. ఎల్‌టీవో-9 డ్రైవ్ ఎల్‌టీవో-8 టేపులు చదువుతుంది, ఎల్‌టీవో-7వి చదవదు. అందుకని కొత్త డ్రైవ్ కొనే కాగితంతో పాటే, పాతవాటిని కొత్త టేపులకు ఎక్కించే పనికి కూడా ఇప్పుడే సంతకం అడుగుతున్నాను.