చీకటిహాస్యం – రసవిరోధం: 'అంధాధున్', 'మాస్ట్రో' విమర్శపై పరిశీలన

1. ఉపోద్ఘాతం

భయం కలగవలసిన చోట నవ్వు కూడా పుట్టించే చిత్రాలను మన సమీక్షకులు 'డార్క్ కామెడీ థ్రిల్లర్' అంటున్నారు. పేరు స్థిరపడినంతగా వాటిని విశ్లేషించే పరిభాష స్థిరపడలేదు. శ్రీరామ్ రాఘవన్ దర్శకత్వంలో 2018 అక్టోబరులో విడుదలైన హిందీ చిత్రం 'అంధాధున్', మేర్లపాక గాంధీ దర్శకత్వంలో 2021 సెప్టెంబరులో ఓటీటీలో వచ్చిన దాని తెలుగు రీమేక్ 'మాస్ట్రో' విమర్శకుల ముందు నిలిపిన ప్రశ్నల ఆధారంగా ఈ లోటును గుర్తించడం, దానిని పూరించడానికి అలంకారశాస్త్రం ఎంతవరకు తోడ్పడుతుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. విమర్శ నడిచిన తీరు

అంధుడిగా నటించే పియానో వాద్యకారుడు హత్యకు సాక్షి కావడం 'అంధాధున్' కథాబీజం. 2010 నాటి ఒక ఫ్రెంచి లఘుచిత్రం దీనికి ప్రేరణ. 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఇది ఉత్తమ హిందీ చిత్రంగా ఎంపికైంది. ఉత్తమ నటుడు, అనుసరణ విభాగంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే పురస్కారాలు కూడా దీనికి దక్కాయి. చిత్రం చివర ఆకాశ్ తన చేతికర్రతో దారిలోని డబ్బాను కొడతాడు. అతనికి చూపు ఉన్నట్టా, లేనట్టా అన్నదే చర్చలో ప్రధానాంశమైంది. 'మాస్ట్రో' వచ్చినప్పుడు మూలానికి న్యాయం జరిగిందా, టబు పోషించిన పాత్రకు తమన్నా సరితూగిందా అన్న పోలికలు ముందుకు వచ్చాయి. ఇవి అనవసరమైన ప్రశ్నలు కావు. అయితే మొదటిది కథాఫలితానికీ, తక్కినవి తారతమ్యానికీ పరిమితం. శవం ఎదుట ఉండగా ప్రేక్షకుడు ఎందుకు నవ్వాడన్న ప్రశ్నకు వీటిలో సమాధానం దొరకదు.

3. ఆశ్రయభేదం – అవహిత్థ

విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో హాస్యానికి భయానక, కరుణరసాలను విరోధులుగా పేర్కొన్నాడు. విరోధ పరిహారానికి ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' తృతీయోద్యోతంలో చూపిన మార్గాలలో ఆశ్రయభేదం ఒకటి. ఒకే పాత్రలో ఇమడని భావాలను వేర్వేరు పాత్రలలో నిలిపితే విరోధం తొలగుతుంది.

'అంధాధున్' హత్యాఘట్టాన్ని ఈ దృష్టితో చూడవచ్చు. ఆకాశ్ పియానో వాయిస్తుంటే సిమీ, ఆమె ప్రియుడు మనోహర్ చప్పుడు కాకుండా, సైగలతో శవాన్ని దాచే పనిలో ఉంటారు. భయానికి ఆశ్రయం ఆకాశ్. హాస్యానికి ఆలంబనం ఆ ఇద్దరి వికృతచేష్టలు. ఆశ్రయభేదం వల్ల రెండు రసాలూ ఒకే దృశ్యంలో ఇమిడాయి.

దృశ్యాన్ని నడిపే భావం మాత్రం 'అవహిత్థ'. లోపలి భావాన్ని బయటపడనీయకుండా ఆకారాన్ని కప్పిపుచ్చుకోవడమనే ఈ వ్యభిచారిభావానికి భయం కూడా ఒక కారణమని నాట్యశాస్త్రం చెబుతుంది. చూసినది చూడనట్టు ఆకాశ్ నటిస్తాడు. భర్తృవియోగదుఃఖాన్ని సిమీ నటిస్తుంది. రెండు నటనలూ తెలిసినవాడు ప్రేక్షకుడొక్కడే. చీకటిహాస్యం ఆ తెలివిడిలోంచి పుట్టింది.

4. తెలుగు పునర్నిర్మాణం

హతుడైన మాజీ కథానాయకుడి పాత్రను హిందీలో 1970ల నాటి హీరో అనిల్ ధావన్ ధరించాడు. తెరపై అరుదుగా కనిపించే ఆ ముఖమే కరుణకు విభావమైంది. తెలుగులో ఆ పాత్ర నరేశ్‌ది. ఆయన కూడా 1982 నాటి 'నాలుగు స్తంభాలాట'లో కథానాయకుడే. కాని నేటి ప్రేక్షకుడికి ఆయన తరచూ కనిపించే సహాయనటుడు. నవ్వించే తండ్రిగా, బాబాయిగా పరిచితుడు. అందువల్ల మరపునపడిన తారపై కలిగే జాలి ఇక్కడ పలచబడింది. సన్నివేశం మూలాన్ని అనుసరించినా రసం మారడానికి ఇదొక కారణం. యథాతథంగా తీశారన్న మెచ్చుకోలు గానీ, ఆక్షేపణ గానీ ఈ భేదాన్ని పట్టుకోలేవు.

5. పరిమితి

ప్రాచీన లక్షణాన్ని యాంత్రికంగా అన్వయించడం తగదు. ప్రబంధంలో ఒక రసం అంగిగా నిలవాలని ఆలంకారికులు ఆశించారు. 'అంధాధున్' ముగింపు ఆ అవకాశం ఇవ్వదు. చివరి కథ చెప్పేవాడు ఆకాశే. అతడు మొదటి నుంచీ అబద్ధమాడినవాడు. అతనిపై జాలి నిలవదు, అసహ్యమూ నిలవదు. ఈ అనిశ్చితిని రసభంగమనడం కన్నా ఈ ప్రక్రియ స్వభావంగా గుర్తించడం ఉచితం.

6. ముగింపు

• చీకటిహాస్యాన్ని 'కామెడీ', 'థ్రిల్' అని విడదీసి మార్కులు వేయడం వల్ల వాటి పరస్పర సంబంధం విమర్శకు అందకుండా పోతుంది.

• ఆశ్రయభేదం, అవహిత్థ అన్న భావనలు సన్నివేశ విశ్లేషణకు నేటికీ పనికివస్తాయి. ముగింపు విషయంలో వాటి పరిధిని గుర్తించాలి.

• రీమేక్ విమర్శలో మూలవిధేయత కన్నా, నటుడి గురించి ప్రేక్షకుడికి ముందే ఉన్న జ్ఞాపకం రసాన్ని ఎలా మార్చిందన్నది ముఖ్యమైన ప్రశ్న. తెలుగు సినీవిమర్శ ఇకపై వేసుకోవలసిన ప్రశ్న అది.