రాజ్యాంగము - సహృదయుడు

భారత రాజ్యాంగంలోని 19వ అధికరణాన్ని రచయితలు సాధారణంగా సగమే చదువుతారు. పౌరులందరికీ వాక్ స్వాతంత్ర్యము, భావప్రకటన స్వాతంత్ర్యము కలవని చెప్పే మొదటి ఖండం దగ్గర తృప్తిపడి ఆగుతారు. సభలలో ఉపన్యసించడానికి ఆ సగం చాలును. పుస్తకానికి ఆపద వచ్చిన నాడు మాత్రం చదువక తప్పనిది రెండవ ఖండం. రాజ్యం ఏయే కారణాల మీద ఆ స్వాతంత్ర్యానికి హద్దులు పెట్టవచ్చునో చెప్పేది అదే. ఏడున్నర దశాబ్దాలుగా సాగిన వ్యాజ్యాలన్నీ ఆ హద్దులను గూర్చినవే. ఆ తీర్పులను న్యాయవాదులు చదివినంత శ్రద్ధగా సాహిత్య విమర్శకులు చదువలేదు. చదివి ఉంటే వారికి బాగా పరిచయమైన వ్యక్తి ఒకడు అక్కడ కనబడేవాడు. అతడు పాఠకుడు. ప్రతి తీర్పులోను న్యాయమూర్తి ఒక పాఠకుని ఊహించుకొన్నాడు. ఆ పాఠకుడు ఎట్టివాడన్న దానిని బట్టి పుస్తకం బ్రతికినది, లేదా బంధింపబడినది.

కావ్యాన్ని చదువదగినవాడెవడన్నది మన ఆలంకారికులకు కొత్త ప్రశ్న కాదు. కావ్యాలను విడువక చదివిన అభ్యాసం చేత మనస్సు అద్దం వలె నిర్మలమై, వర్ణించిన వస్తువుతో తన్మయత్వం పొందగల వానినే అభినవగుప్తుడు సహృదయుడన్నాడు. అనగా పాఠకునికి కూడ ఒక యోగ్యత విధించినాడు. ఇంగ్లండులో 1868లో హిక్లిన్ వ్యాజ్యంలో ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ చెప్పిన సూత్రం దీనికి సరిగా తలక్రిందులు. చెడు ప్రభావాలకు సులభంగా లోబడే మనస్సు గలవారి చేతిలో ఆ గ్రంథం పడితే వారిని చెడగొట్టే స్వభావం దానికి ఉన్నదా అన్నదే ఆయన పెట్టిన పరీక్ష. యోగ్యతతో పని లేదు. అందరిలోకి బలహీనుడైనవాడే గ్రంథానికి కొలబద్ద. ఈ కొలబద్ద వలస పాలనతో బాటు ఈ దేశానికి వచ్చి, పాలకులు వెళ్ళిపోయిన తరువాత కూడ చాలకాలం నిలిచినది.

ఆ బలహీనుని పేరు మీద తెలుగులో జరిగిన అన్యాయానికి ముద్దుపళని 'రాధికాసాంత్వనము' సాక్ష్యం. పద్దెనిమిదవ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో వెలసిన ఆ శృంగార కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రచురించినారు. ప్రభుత్వం దానిని నిషేధించినది. నిషేధం తొలగినది 1947లో. ఇక్కడ విమర్శకులు తలవంచుకొనవలసిన విషయం ఒకటి ఉన్నది. ప్రభుత్వం కంటె ముందు ఆ కావ్యాన్ని నిందించినవారు 'ఆంధ్రకవుల చరిత్రము' వ్రాసిన వీరేశలింగం పంతులుగారు. సంఘసంస్కర్తగా ఆయన చేసిన మేలు ఎవరూ కాదనరు. కాని స్త్రీ నోట ఇట్టి పద్యాలు రాదగవన్న ఆ ఆక్షేపణలో కావ్యపరీక్ష లేదు, శీలభయం మాత్రమే ఉన్నది. పురుషులు వ్రాసిన శృంగారానికి అంటని దోషం స్త్రీ వ్రాసినదానికి ఎట్లా అంటినదని నాగరత్నమ్మ అడిగినారు. ఆ ప్రశ్నకు సమాధానం రాలేదు, నిషేధం వచ్చినది.

రాజ్యాంగం అమలులోనికి వచ్చిన నాలుగు నెలలకే, 1950 మే 26న, సుప్రీంకోర్టు రమేశ్ థాపర్ వ్యాజ్యంలో తీర్పు చెప్పినది. బొంబాయిలో అచ్చయ్యే 'క్రాస్ రోడ్స్' వారపత్రిక మద్రాసు రాష్ట్రంలోనికి రాకూడదని అక్కడి ప్రభుత్వం ఆజ్ఞాపించినది. అప్పటికి సర్కారు జిల్లాలు, రాయలసీమ మద్రాసు రాష్ట్రంలోనివే; కనుక ఆ ఆజ్ఞ తెలుగు పాఠకులను కూడ అడ్డగించినది. హైకోర్టుకు వెళ్ళకుండ తిన్నగా ఇక్కడికి రావడమేమిటన్న అభ్యంతరాన్ని కోర్టు త్రోసివేసినది. ప్రాథమిక హక్కులను కాపాడుమని సుప్రీంకోర్టు తలుపు తట్టడం కూడ 32వ అధికరణం ఇచ్చిన ప్రాథమిక హక్కే. పతంజలి శాస్త్రిగారు వ్రాసిన ఆ తీర్పులో సాహిత్యానికి ముఖ్యమైన మాట మరొకటి. ప్రచారం లేని ప్రచురణకు విలువ లేదు గనుక, ప్రచార స్వాతంత్ర్యం కూడ భావప్రకటనలోనిదే. పాఠకుడు చేరని వాక్కు స్వేచ్ఛ గల వాక్కు కాదని రాజ్యాంగ వ్యాఖ్యలో అప్పుడే స్థిరపడినది.

దానికి ప్రభుత్వం ఇచ్చిన సమాధానం 1951 జూన్‌లో వచ్చిన మొదటి సవరణ. ప్రజాశాంతి, విదేశాలతో మైత్రి, నేరానికి ప్రేరేపణ అనే కొత్త కారణాలను అది రెండవ ఖండంలో చేర్చినది. ఈ సవరణను కేవలం సంకోచంగా చెప్పడం పరిపాటి అయినది. అది సగం నిజమే. ఆ సవరణే హద్దులకు ముందు 'సహేతుకమైన' అన్న విశేషణాన్ని కూడ చేర్చినది. మొదటి పాఠంలో ఆ మాట లేదు. హద్దు సహేతుకమా కాదా అని విచారించే అధికారం ఆ ఒక్క విశేషణంతో న్యాయస్థానాలకు దక్కినది. విశేషణాలు అనవసరమనే కవులు దీనిని ఒకసారి గమనించవచ్చును.

అయితే ఆ అధికారాన్ని వాడుకొనడం కోర్టులకు వెంటనే చేతకాలేదు. లారెన్స్ నవల 'లేడీ చాటర్లీస్ లవర్' అమ్మినందుకు బొంబాయిలోని ఒక పుస్తక విక్రేతకు పడిన శిక్షను 1964లో సుప్రీంకోర్టు ఖాయపరచినది. నవల సాహిత్య విలువను గూర్చి ముల్క్ రాజ్ ఆనంద్ సాక్ష్యం చెప్పినారు. నిపుణుల మాట మీద ఆధారపడనవసరం లేదనీ, నిర్ణయం న్యాయమూర్తిదేననీ కోర్టు అన్నది. హిదయతుల్లాగారి ఆ తీర్పు పాండిత్యం లేనిది కాదు. కళ ప్రబలమై అశ్లీలాన్ని నీడలోనికి నెట్టగలిగితే అట్టి గ్రంథం నిలుస్తుందని అందులో ఉన్నది. కాని కళ ప్రబలమో కాదో చెప్పవలసినవాడు మరల ఆ హిక్లిన్ పాఠకుడే. కాపలావాని చేతికి వీణ ఇచ్చి శ్రుతి సరిచూడుమన్నట్లు అయినది.

మార్పు 1969లో మొదలైనది. మరాఠీ కథ 'శ్యామా' వ్రాసిన కాకోద్కర్ వ్యాజ్యంలో తీర్పు వ్రాసిన న్యాయమూర్తి, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న పి. జగన్మోహనరెడ్డిగారు. అశ్లీల భావన దేశాన్ని బట్టి, సమకాలిక సమాజాన్ని బట్టి మారుతుందనీ, శృంగార ప్రసక్తియే దోషమైతే మతగ్రంథాలు తప్ప మరేవీ అమ్మడానికి వీలుండదనీ ఆయన చెప్పి రచయితను విడిచిపెట్టినారు. 1985లో సమరేశ్ బసు బెంగాలీ నవల 'ప్రజాపతి' మీద వచ్చిన తీర్పు మరి రెండడుగులు ముందుకు వేసినది. న్యాయమూర్తి మొదట రచయిత స్థానంలో నిలిచి అతడు ఏమి చెప్పదలచినాడో, ఆ చెప్పుటలో సాహిత్య విలువ ఏమైన ఉన్నదో తెలిసికొనవలెను. ఆ తరువాతనే అన్ని వయస్సుల పాఠకుల స్థానంలో నిలువవలెను అన్నది. మోటు మాటను, అశ్లీలాన్ని ఒకటిగా చూడరాదన్నది. ఇది సహృదయ లక్షణానికి దగ్గరగా వచ్చిన న్యాయసూత్రం. 1967లో వెలువడిన నవలకు ఈ న్యాయం 1985లో దొరికినదని కూడ మరువరాదు.

అశ్లీలం గాక కలహభయం కారణమైన చోట పాఠకుడు ఇంకొక విధంగా ఎదిగినాడు. భీష్మ సాహనీ నవల ఆధారంగా తీసిన 'తమస్' ధారావాహికను ఆపుమని 1988లో వచ్చిన వ్యాజ్యంలో, వివియన్ బోస్ నాగపూరు హైకోర్టులో ఉండగా చెప్పిన మాటను సుప్రీంకోర్టు స్వీకరించినది. మాటల ఫలితాన్ని వివేకం, దృఢచిత్తం, ధైర్యం గల మనుషుల దృష్టితో కొలవవలెనే గాని, తమకు నచ్చని ప్రతి అభిప్రాయంలోను అపాయాన్ని వాసన పట్టే చంచలచిత్తుల దృష్టితో కాదని ఆ మాట. హిక్లిన్ సూత్రాన్ని కోర్టు స్పష్టంగా ప్రక్కకు పెట్టినది మాత్రం 2014లో.

ఈ దారి తిన్ననిది కాదు. గాంధీజీ నోట మాటలు పలికించిన ఒక మరాఠీ కవిత విషయంలో, చరిత్రలో పూజ్యులైన వ్యక్తుల పేరు వాడినపుడు సమకాలిక సమాజపు కొలత మరింత కఠినం కావలెనని 2015లో సుప్రీంకోర్టు అన్నది. పూజ్యునితో కవికి ఉండే చనువును ఈ తీర్పు గుర్తించలేదు. తెలుగులో నిందాస్తుతి ఒక గౌరవనీయమైన మార్గం. కాసుల పురుషోత్తమకవి 'ఆంధ్రనాయక శతకము'లో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఎత్తిపొడిచిన ఎత్తిపొడుపులను ఎవరూ దైవదూషణగా చదువలేదు; భక్తిగానే చదివినారు. మాటల పైపొరను మాత్రమే పట్టుకొనే పాఠకునికి ఆ శతకం పద్యపద్యమూ అపరాధమే.

అన్నిటి కంటె ప్రమాదకరమైన పాఠకుడు కోర్టు బయట ఉన్నాడు. పెరుమాళ్ మురుగన్ తమిళ నవల 'మాదొరుబాగన్' 2010లో వెలువడితే, నాలుగేండ్లు గడచిన తరువాత తిరుచెంగోడులో దానిపై ఆందోళన లేచినది. 2015 జనవరిలో నామక్కల్ అధికారులు పిలిపించిన 'శాంతి' సమావేశంలో రచయిత క్షమాపణ పత్రం మీద సంతకం చేసి, తనలోని రచయిత మరణించినాడని ప్రకటించినాడు. నిషేధపు ఆజ్ఞ లేదు, శిక్ష లేదు. గ్రంథకర్త లేకుండ పోయినాడు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆ ఒడంబడికకు ఎవరినీ బంధించే శక్తి లేదన్నది. నచ్చనివాడు పుస్తకం మూసి పక్కన పెట్టవచ్చునన్నది. రచయితను తిరిగి వ్రాయుమన్నది. అతడు వ్రాసినాడు. రాజ్యం గాక గుంపు నోరు మూయించినపుడు హక్కు ఎవరి మీద అన్న చిక్కును 2023లో సుప్రీంకోర్టు అధికసంఖ్యాక తీర్పు కొంత విప్పినది: 19, 21 అధికరణాల హక్కులను ప్రభుత్వేతరుల మీద కూడ నిలుపవచ్చునని. అది ఆచరణలో ఎంతవరకు పోవునో ఇంకను తేలలేదు.

2025 మార్చి 28న ఒక ఉర్దూ కవిత మీద గుజరాతు పోలీసులు నమోదు చేసిన కేసును సుప్రీంకోర్టు కొట్టివేస్తూ వివియన్ బోస్ పాఠకునే మరల పిలిచినది. ఆ కవిత అన్యాయాన్ని ప్రేమతో ఎదుర్కొనుమంటున్నదే గాని హింసను బోధించలేదని న్యాయమూర్తులు గ్రహించినారు. కేసు నమోదు చేయడానికి ముందే పోలీసువారు మాటల అర్థం చదివి చూడవలెనన్నారు. ఠాణాలోని అధికారి కూడ ఆ విధంగా కావ్యపాఠకుడైనాడు.

ఆ కవిత అర్థం ఇంగ్లీషు అనువాదం ద్వారా తీర్పులోనికి వచ్చినది. 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు వ్యవహారమంతా, పార్లమెంటు మరొక విధంగా శాసించనంత వరకు, ఇంగ్లీషులోనే. రేపు ఒక తెలుగు పద్యం అక్కడికి పోయినా ఇట్లే పోతుంది. శ్లేష దారిలో రాలిపోతుంది. వ్యాజస్తుతి పచ్చి తిట్టుగా చేరుతుంది. మాండలికంలో ముద్దుగా వినిపించే సంబోధన అవమానంగా అచ్చవుతుంది. ఆ అనువాదం ఎవరు చేయవలెను, తప్పుగా చేస్తే ఎవరు దిద్దవలెను అన్నది కవులు, విమర్శకులు వ్యాజ్యం రాకముందే ఆలోచించుకొనవలసిన పని.