మోతను మోతగానే పట్టాలి

హైదరాబాదు తూర్పున నాచారం, ఉప్పల్ ప్రాంతాల్లో బోనాలకైనా, వినాయక నిమజ్జనానికైనా, పెళ్లి బరాత్‌కైనా, పండుటాకు రాలిన ఇంటి నుంచి సాగే అంతిమయాత్రకైనా మోగే వాద్యాన్ని జనం తీన్‌మార్ అంటారు. దక్కనీ ఉర్దూలో తీన్ అంటే మూడు, మార్ అంటే దెబ్బ. మొదట ఒక దరువుకున్న ఆ పేరు క్రమంగా ఆ దరువుకు వేసే చిందుకూ, దాన్ని వాయించే జట్టుకూ స్థిరపడింది. శాస్త్రీయ సంగీతపు అలవాటులో పెరిగిన చెవులు దీన్ని గోల అని తీసిపారేశాయి గాని, ఇది అదుపు తప్పి పుట్టిన చప్పుడు కాదు, ఎంతో పనితనంతో కావాలని పుట్టించే మోత.

ఈ మోతలో రెండు పాయలు కలిశాయి. ఒకటి పల్లెల నుంచి వచ్చిన డప్పు, రెండోది నగరంలోనే స్థిరపడిన మర్ఫా. నిజాం కొలువులో సైనికులుగా చేరిన హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు మర్ఫాను ఇక్కడ పాదుకొల్పారు. అరబ్బు సైనికుల బారకాసులున్న చోటు బార్కస్‌గా, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వదళం నివసించిన చోటు ఏసీ గార్డ్స్‌గా నేటికీ వారి గుర్తును మోస్తున్నాయి.

డప్పు చూడడానికి అతి సాదా వాద్యం. గుండ్రని చెక్క చట్రం మీద తోలు బిగిస్తే డప్పు అయిపోయినట్టే కనిపిస్తుంది గాని, దాని బతుకంతా ఆ తోలు బిగువులో ఉంది. ఎడమ భుజం నుంచి వేలాడే డప్పును వాద్యకారుడు ఒంటికి ఆనించి పట్టుకుని, కుడిచేతి పొట్టి పుల్లతో బరువైన దెబ్బలు, ఎడమచేతి సన్నని పొడవాటి పుల్లతో వాటి నడుమ చిటపటలు పలికిస్తాడు. మొదటిదాన్ని సిర్ర అని, రెండోదాన్ని సిటికెన పుల్ల అని అంటారు. సిర్ర దరువును నిలబెడుతుంది, సిటికెన పుల్ల ఆ దరువుకు కారం అద్దుతుంది. ఆ చిటపట లేని డప్పు కాళ్లను కదిలించలేదు.

బోనాలు వచ్చేది ఆషాఢంలో, అంటే వానకాలంలో. తేమ తగిలిన తోలు సాగి వదులవుతుంది, వదులైన తోలు గొంతు దిగి మొద్దుగా పలుకుతుంది. అందుకే వాయించే ముందు గడ్డో, కాగితాలో, అట్టముక్కలో పోగేసి మంటపెట్టి డప్పులు కాస్తారు. వేడికి తేమ ఆరి తోలు ముడుచుకుని గొంతు పైకి లేస్తుంది. ఎంత కాగితే చాలునో చెప్పే కొలత ఏదీ లేదు, ఒక దెబ్బ వేసి చెవితో పోల్చుకోవడమే. ఊరేగింపు సాగేకొద్దీ తోలు మళ్లీ చల్లారుతుంది కనుక ఒకే డప్పు గంట తరువాత మరో గొంతుతో పలుకుతుంది. ఈ శ్రమను తప్పించడానికి తోలు స్థానంలో ఫైబర్ పొర వచ్చింది. దానికి వాన భయం లేదు, మంట అవసరమూ లేదు. వానలో కూలి పోగొట్టుకోలేని వాద్యకారుడు దాన్ని ఎంచుకోవడాన్ని తప్పు పట్టడానికి వీల్లేదు. అయితే దాని పలుకు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటుంది, తోలు పలుకు మాత్రం ఆ పూట గాలిని బట్టి మారుతుంది.

జట్టుగా వాయించేటప్పుడు మరో సంగతి తోడవుతుంది. అందరూ ఒకే దరువు వేస్తున్నా అందరి దెబ్బా ఒకే క్షణాన పడదు. ఆ వెంట్రుకవాసి ఎడమే నాలుగు డప్పులను పది డప్పులంత పెద్దగా వినిపిస్తుంది. ఇరుకు గల్లీలో రెండు పక్కలా ఉన్న గోడలు ఆ ధ్వనిని తిప్పికొట్టి మరింత చిక్కన చేస్తాయి. బోనాల ఊరేగింపులో పోతరాజు కొరడా ఝళిపిస్తూ ముందుకు ఉరికితే లయ తనంతట తానే పెరుగుతుంది, అతడు ఆగితే తగ్గుతుంది. అంటే ఇక్కడ కాలప్రమాణాన్ని నిర్ణయించేది ఆడేవాడి అడుగు.

ఇటువంటి మోతను రికార్డు చేయడమెలాగన్న ప్రశ్న ప్రపంచానికి కొత్తది కాదు. అమెరికాలో ఇంటి పక్క కారు షెడ్డులో సాధన చేసిన కుర్రకారు సంగీతానికి గరాజ్ రాక్ అని పేరు వచ్చింది, దాని మొరటుదనమే తరువాత పంక్ సంగీతానికి పునాది అయింది. 1958లో గిటారిస్టు లింక్ రే ‘రంబుల్’ రికార్డు కోసం యాంప్లిఫయర్ స్పీకరుకు చిల్లులు పొడిచాడు, 1964లో ఇంగ్లండులో మరో గిటారిస్టు డేవ్ డేవీస్ తన స్పీకరును బ్లేడుతో కోశాడు; ఇద్దరికీ కావలసింది గిటారు గొంతులో జీర. 1963లో పోర్ట్‌లండ్‌లో కింగ్స్‌మెన్ జట్టు ‘లూయీ లూయీ’ని రికార్డు చేసినప్పుడు గాయకుడు పైనున్న మైకు కేసి తల ఎత్తి అరవవలసి వచ్చింది, మాటలు ఎంత అస్పష్టంగా వచ్చాయంటే, వాటిలో అశ్లీలముందేమోనని ఎఫ్‌బీఐ విచారణ జరిపింది. ఆ రికార్డు నేటికీ నిలిచి ఉండడానికి కారణం అందులోని లోపాలను ఎవరూ కడిగివేయకపోవడమే.

తెలంగాణలో ఏటా బోనాల ముందు కొత్త పాటలు విడుదలవుతాయి. వాటిలో చాలావాటికి కంప్యూటరులో దాచిన డప్పు ముక్కనే మళ్లీ మళ్లీ అతికిస్తున్నారు. దాన్నే లూప్ అంటారు. ప్రతి దెబ్బా గడియారపు ముల్లులా సరిగ్గా పడుతుంది, ప్రతి దెబ్బ బరువూ ఒక్కటే. కాగిన తోలు, చల్లారిన తోలు, అలసిన చేయి, పోతరాజు అడుగు, ఇవేవీ అందులో లేవు. వినడానికి శుభ్రంగా ఉన్న ఆ ధ్వనిని తీన్‌మార్ అనడం అన్యాయం. దాన్నే పెద్ద పెట్టెల్లో పోసి వీధిలో వినిపించే డీజే వల్ల మరో చేటు కూడా జరిగింది. చేతికి అలుపు ఉంటుంది, పెట్టెకు ఉండదు. 2000 నాటి కేంద్ర శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతానికి పగలు 55 డెసిబెల్స్, పారిశ్రామిక ప్రాంతానికి 75 డెసిబెల్స్ పరిమితిగా పెట్టాయి. కర్మాగారాలూ ఇళ్లూ పక్కపక్కనే ఉన్న నాచారంలో ఈ రెండు అంకెలూ ఇరుగుపొరుగులే. 2024 అక్టోబరు 1న హైదరాబాదు నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. డీజే మీద కోపం డప్పు మీదికి మళ్లకుండా చూడడం అవసరం.

ఎందుకంటే ఈ వాద్యం ఇప్పటికే పడవలసినంత నింద పడింది. చావు కబురుకూ ఊరి చాటింపుకూ మాదిగల చేత వెట్టిగా డప్పు కొట్టించుకున్న ఊళ్లే డప్పునూ, దాన్ని పట్టిన చేతినీ అంటరానివిగా చూశాయి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం ఆ చాటింపు పేరునే తన పేరుగా చేసుకుని మాదిగ దండోరా అయింది. తెలంగాణ ఉద్యమ సభల్లోనూ ఉపన్యాసం కన్నా ముందు మోగింది డప్పే.

రాబోయే ఆషాఢానికి పాట సిద్ధం చేసేవారు లూప్‌ను పక్కన పెట్టి, నలుగురు వాద్యకారులను ఒకే గదిలోకో, వీలైతే గల్లీలోకో పిలిపించి, తోలు డప్పులు కాయించి, రెండు మైకులు దూరంగా నిలిపి, ఒకే టేకులో వాయింపజేయాలి. గాయకుల పేర్లతో పాటు ఆ నలుగురి పేర్లూ పాట మీద అచ్చు వేయాలి.